మూత్రపిండంలో ఆపిల్ చెట్టు
(మార్చెల్లో మాల్పీగీ జీవితం)

బైపీసీ చదివిన ప్రతివాడికీ ఈ పేరు కనీసం రెండుసార్లు తగులుతుంది. బొద్దింక పాఠంలో మాల్పీజియన్ నాళికలని ఒకసారి, మనిషి మూత్రపిండం పాఠంలో మాల్పీజియన్ దేహమని ఇంకోసారి. పటం వేస్తాం, గీతలు లాగి భాగాలు గుర్తిస్తాం, మార్కులు పుచ్చుకుంటాం. ఈ మాల్పీజీ మనిషా, ఊరా, మందు పేరా అని అడిగిన పాపాన ఎవరూ పోరు. నేనూ పోలేదు. మా రోజుల్లో ఇంకా బొద్దింకను మైనం పోసిన ట్రేలో గుండుసూదులు గుచ్చి కోయించేవారు. జీర్ణనాళం విప్పదీస్తూ, మధ్యాంత్రానికీ అంత్యాంత్రానికీ కలిసే చోట పసుపుపచ్చగా వెంట్రుకల్లా వుండే ఆ నాళికల్ని నేను ఫోర్సెప్స్‌తో పుటుక్కున తెంపేశాను. మా డిమాన్‌స్ట్రేటర్ గారు కోప్పడలేదు. మూడు వందల ఏళ్ళ కిందట ఒకాయన మన భూతద్దం కన్నా నాసిరకం అద్దంతో పట్టుపురుగులో వీటిని తెగకుండా చూశాడని మాత్రం చెప్పి, పక్క టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాటకి పట్టుకున్న సిగ్గే ఈ వ్యాసానికి మూలం.

ముందు పేరు సంగతి. ఇటలీ వాళ్ళ నోట అది మాల్పీగీ. ఇంగ్లీషు పుస్తకాల మీదుగా మన పాఠాల్లోకి వచ్చేసరికి మాల్పీజీ అయింది. ఆయన సొంత ఊరి ఉచ్చారణే వాడదాం. ఆ మర్యాదైనా దక్కాలి కదా.

మార్చెల్లో మాల్పీగీ 1628 మార్చిలో బొలోన్యా నగరానికి దగ్గరలోని క్రెవాల్‌కోరె అనే ఊళ్ళో పుట్టాడు. పొలం పుట్రా వున్న కుటుంబం, ఈయన పెద్దకొడుకు. అదే 1628లో ఇంగ్లండుకి చెందిన విలియం హార్వీ గుండె గురించి తన చిన్న పుస్తకం అచ్చు వేశాడు. రక్తం గుండెలోంచి ధమనుల గుండా వెళ్ళి, సిరల గుండా మళ్ళీ గుండెకే చేరుతుందని అందులో నిరూపించాడు. అయితే ధమని చివర నుంచి సిర మొదటికి రక్తం ఏ దారిన వెళుతోందో హార్వీకి కనబడలేదు. దారి వుండి తీరాలి, కంటికి మాత్రం ఆనదు. ఆ ఖాళీని పూరించవలసిన మనిషి అదే ఏడు ఉయ్యాలలో వున్నాడన్నమాట.

బొలోన్యా విశ్వవిద్యాలయంలో చేరిన మూడేళ్ళకే, 1649లో, తల్లీ తండ్రీ నాయనమ్మా ఒకరి తర్వాత ఒకరు పోయారు. చదువు ఆపి ఇంటికి వచ్చి తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ ఒక దారికి తెచ్చే భారం ఈయన మీద పడింది. మళ్ళీ వెళ్ళి చదువు పూర్తి చేసి 1653లో వైద్యంలోనూ తత్త్వశాస్త్రంలోనూ డాక్టరేట్లు పుచ్చుకున్నాడు. అదీ సులువుగా దొరకలేదు. బొలోన్యా నగరంలో పుట్టినవాడు కాదు గనుక పై ఊరివాడికి పట్టా ఎందుకన్న పెద్దలు వుండేవారు. గురువు మస్సారి మాత్రం ఈ పల్లెటూరి కుర్రవాణ్ణి వదల్లేదు. తన ఇంట్లోనే కొద్దిమంది శిష్యుల్ని కూర్చోబెట్టి జంతువుల్ని కోసి చూపించేవాడు. పుస్తకంలో ఏముందో చదివి ఒప్పజెప్పే ఆ కాలంలో, కోసి చూద్దాం రమ్మనడమే పెద్ద తిరుగుబాటు. ఆ ఇంట్లోనే మాల్పీగీకి విద్యా దొరికింది, పెళ్ళికూతురూ దొరికింది. గురువుగారి చెల్లెలు ఫ్రాంచెస్కాను ఆయన పెళ్ళి చేసుకున్నాడు.

1656లో పీసా విశ్వవిద్యాలయం పిలిచింది. అక్కడ బొరెల్లి అనే గణిత పండితుడితో స్నేహం కుదిరింది. బొరెల్లి గెలీలియో సంప్రదాయం మనిషి. శరీరం కూడా మీటలూ కప్పీలూ గొట్టాలూ వున్న యంత్రమేననీ, దాని పని తెలియాలంటే లోపలి అమరిక చూడాలనీ ఆయన నమ్మకం. మాల్పీగీ నెమ్మదస్తుడు, జబ్బుమనిషి. బొరెల్లి ముక్కోపి. ఈ జోడీ ఎలా కుదిరిందో గాని కొన్నేళ్ళు బ్రహ్మాండంగా కుదిరింది, ఆ తర్వాత చెడింది కూడా. పీసా గాలి పడక, ఇంటి బాధ్యతలు లాగక, 1659లో మాల్పీగీ బొలోన్యాకి తిరిగి వచ్చేశాడు.

ఇంటి దగ్గర ప్రశాంతంగా వుందా అంటే అదీ లేదు. పక్క పొలం వాళ్ళు స్బరాల్యా కుటుంబం. గట్టు తగాదా ఏళ్ళ తరబడి నడుస్తోంది. గట్టు తగాదా అంటే మనకి వేరే చెప్పనక్కరలేదు. 1659లో మాల్పీగీ తమ్ముడు ఆ ఇంటి కుర్రవాణ్ణి ఒకణ్ణి చంపేశాడు. మరణశిక్ష పడింది, తర్వాత క్షమాభిక్ష దొరికింది. కాని పగ చల్లారలేదు. ఆ ఇంట్లోనే మరొక కుర్రవాడు పెద్దవాడై, వైద్యం చదివి, బొలోన్యాలోనే ఆచార్యుడయ్యాడు. ఆయనతో మనకి ముందు ముందు పని వుంది.

ఇన్ని గొడవల మధ్య 1661లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని ఎండబెట్టి అద్దం కింద పెట్టాడు. కప్ప ఊపిరితిత్తి పల్చటి సంచీ, వెలుతురు ఇటునుంచి అటు పోతుంది. ధమనీ శాఖల నుంచి సిరల శాఖలకు పోయే అతి సన్నని నాళాల వల అందులో కనిపించింది. హార్వీ చూడలేక పోయిన దారి అదే, మనం రక్తకేశనాళికలంటున్నవి. ఆ సంగతి బొరెల్లికి రెండు ఉత్తరాలుగా రాశాడు, అవే అచ్చయ్యాయి. హార్వీ అప్పటికి నాలుగేళ్ళ కిందటే కన్నుమూశాడు. ఈ పనికి ఎన్ని కప్పలు బలయ్యాయో లెక్కలేదు, ఆ చుట్టుపక్కల కప్పజాతినే తుడిచిపెట్టానేమో అన్నట్టు ఆయనే వేళాకోళంగా రాసుకున్నాడు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆ కాలంలో వైద్యుడికి గుర్తు మన స్టెతస్కోపు కాదు, మూత్రం పట్టే గాజు కుప్పె. రోగి పడకలో వుంటాడు, కుప్పె వైద్యుడి దగ్గరికి వస్తుంది. ఎండకు ఎత్తి పట్టి రంగు చూసి, మడ్డి చూసి, వాసన చూసి, అవసరమైతే రుచి చూసి జబ్బు పేరు చెప్పేవారు. అంతగా పరిశీలించిన ఆ ద్రవం ఎక్కడ, ఎలా తయారవుతోందో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. పూర్వం కొందరు వైద్యులు, తాగిన నీరు ఆవిరిగా మారి మూత్రాశయంలోకి ఇంకి అక్కడ మళ్ళీ నీరవుతుందన్నారు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గేలన్ ఆ వాదాన్ని బతికున్న జంతువు మీద పరీక్షించాడు. మూత్రపిండాల నుంచి దిగే రెండు మూత్రనాళాలనూ దారంతో కట్టేశాడు. మూత్రాశయం ఖాళీగా వుండిపోయింది, కట్టుకి పైన నాళాలు ఉబ్బాయి. ఒక్క దెబ్బతో తేలిపోయింది, మూత్రం పుట్టేది మూత్రపిండాల్లోనే. మరి మూత్రపిండం దాన్ని ఎలా చేస్తుందయ్యా అంటే మాత్రం, దానికి అలా ఆకర్షించే శక్తి వుంది అని గేలన్ ఊరుకున్నాడు. ప్రశ్ననే జవాబుగా తిప్పి చెప్పడం మన పరీక్ష పేపర్లలో కూడా చూస్తూనే వుంటాం. ఆ జవాబు పధ్నాలుగు వందల ఏళ్ళు చెలామణీ అయింది. మూత్రపిండం లోపల గట్టి మాంసపు ముద్ద తప్ప ఏమీ లేదనే చాలామంది నమ్మారు.

1662లో పీసాలో బెల్లిని అనే పంతొమ్మిదేళ్ళ విద్యార్థి ఆ ముద్దను కోసి చూసి, అది ముద్ద కాదు, సన్నని గొట్టాల కట్ట అని కనిపెట్టాడు. కోసిన ముక్కను నొక్కితే గొట్టాల చివర నుంచి ద్రవం ఊరింది. నాలుక మీద వేసుకుని చూశాడు, మూత్రపు రుచే. పంతొమ్మిదేళ్ళ వయసు! మన యూనియన్ ఎలక్షన్లలో ఓటేసే వయసులో ఆ కుర్రవాడు పధ్నాలుగు వందల ఏళ్ళ నమ్మకాన్ని కిందకి దించాడు. బొరెల్లి శిష్యుడే కాబట్టి ఆ కబురు మాల్పీగీకి ఎలాగూ అందింది.

అదే 1662లో మాల్పీగీ బొరెల్లి సిఫారసు మీద సిసిలీ ద్వీపంలోని మెసీనా విశ్వవిద్యాలయానికి వెళ్ళి నాలుగేళ్ళు పనిచేశాడు. 1666లో బొలోన్యాకి తిరిగి వచ్చిన సంవత్సరమే అవయవాల నిర్మాణం మీద ఒక పుస్తకం వేశాడు. కాలేయం, మెదడు, ప్లీహం, వాటి మధ్య మూత్రపిండం. ఆ మూత్రపిండం అధ్యాయం పెద్దదేమీ కాదు. ప్రపంచంలో వున్న ప్రతి నెఫ్రాలజీ విభాగానికీ పునాదిరాయి అదే.

బెల్లిని గొట్టాలు చూశాడు సరే, ఆ గొట్టాల్లోకి మూత్రం ఎక్కడి నుంచి వస్తోంది? మూత్రపిండానికి వెళ్ళే రక్తమంతా ధమని గుండా వెళుతుంది కదా, ధమనిలో రంగు ఎక్కిస్తే అదెక్కడెక్కడికి పోతుందో చూద్దామనుకున్నాడు మాల్పీగీ. నల్లరంగును సారాయి ద్రావకంలో కలిపి మూత్రపిండ ధమనిలోకి పిచికారీ చేశాడు. మూత్రపిండం ఉబ్బి పై నుంచి కూడా నల్లబడింది. పై పొర ఒలిచి, నిలువుగా చీల్చి, అద్దం కింద పెట్టాడు. నల్లబడిన ధమని కొమ్మలూ రెమ్మలుగా చీలి వెలుపలి భాగమంతా అల్లుకుని వుంది. ఆ రెమ్మల చివర గుండ్రటి చిన్న చిన్న కాయలు నల్లగా వేలాడుతున్నాయి. కొమ్మకు ఆపిళ్ళు కాసినట్టుగా వుందని ఆయనకి తోచింది. ఆపిల్ చెట్టు చూడనివాళ్ళు నేరేడు కొమ్మ అనుకోండి, రంగు కూడా సరిపోతుంది. ఒక్కో కాయ మిల్లీమీటరులో ఐదో వంతు. కంటికి కనబడీ కనబడని నలుసు. ఆ నలుసుని చూసినవాడు అంతకు ముందు లేడు.

ఆ కాయల్లోనే రక్తం నుంచి మూత్రం వేరుపడుతోందని మాల్పీగీ ఊహించాడు. అలాగైతే కాయకీ బెల్లిని గొట్టానికీ అతుకు వుండాలి. ఆ అతుకు కోసం ఆయన పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ధమనిలోంచి రంగు ఎక్కించాడు, కాయలో ఆగిపోయింది, గొట్టంలోకి దిగలేదు. మూత్రనాళం వైపు నుంచి వెనక్కి ఎక్కించాడు, గొట్టాల్లోకి వెళ్ళింది గాని కాయదాకా చేరలేదు. కుక్కకి సిరలూ మూత్రనాళమూ కట్టేసి, అన్నీ ఉబ్బాక కోసి చూశాడు. కనబడలేదు. ఇక్కడే మనిషి గొప్పతనం వుందని నాకు అనిపిస్తుంది. చూశానని రాసేస్తే అడ్డు చెప్పగలవాడు ఐరోపా మొత్తంలో లేడు, అంత అద్దమూ అంత ఓపికా ఇంకెవరికీ లేవు. ఆయన మాత్రం, వుండాలని బుద్ధి చెబుతోంది, కన్ను మాత్రం చూడలేదు అన్న సంగతి దాచకుండా అచ్చు వేశాడు. మన రికార్డు పుస్తకాల్లో రాని రీడింగులు ఎలా వస్తాయో తెలిసినవాళ్ళకి ఇది ఎంత కష్టమో తెలుస్తుంది.

ఆ అతుకు దొరకడానికి 176 ఏళ్ళు పట్టింది. 1842లో లండన్‌లో విలియం బౌమన్ అనే పాతికేళ్ళ శస్త్రవైద్యుడు ఇంకా మంచి సూక్ష్మదర్శినితో, ఇంకా మంచి రంగులతో చూశాడు. కాయ అంటే కేశనాళికల ఉండ. నూలు ఉండను పట్టుకున్న గుప్పిటలా దాని చుట్టూ ఒక పల్చటి గుళిక వుంది. ఆ గుళిక మెడే సాగి గొట్టమవుతోంది. మాల్పీగీ ఊహ అక్షరాలా నిజమైంది. అదే 1842లో జర్మనీలో కార్ల్ లూడ్విగ్, ఇదంతా రక్తపు పీడనం వల్ల జరిగే వడపోతే, వడిసిన దాంట్లో ఎక్కువ భాగాన్ని గొట్టం మళ్ళీ పీల్చేసుకుంటుంది అన్నాడు. దాని మీద ఎనభై ఏళ్ళు కొట్టుకున్నారు. చివరికి 1924లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వేర్న్, రిచర్డ్స్ అనే ఇద్దరు వెంట్రుక కన్నా సన్నని గాజు గొట్టంతో ఆ గుళికలో గుచ్చి అందులోని ద్రవాన్ని బయటికి తీశారు. అందులో చక్కెరా లవణమూ వున్నాయి. అదే జంతువు మూత్రాశయంలోని మూత్రంలో అవి లేవు. అంటే ముందు వడపోత, దారిలో తిరిగి శోషణ. లూడ్విగ్ గెలిచాడు. ఇంతకీ ఆ జంతువేమిటనుకున్నారు? కప్పే. మాల్పీగీ తుడిచిపెట్టగా మిగిలిన కప్పల వంశమే మళ్ళీ సాక్ష్యం చెప్పింది.

ఈనాడు మనకి తెలిసింది కూడా ఒకసారి కూడబలుక్కుందాం, లేకపోతే ఆ కాయల విలువ తెలియదు. పిడికిలంత మూత్రపిండంలో అలాంటి కాయలు సుమారు 10 లక్షలు, రెండింటిలో కలిపి 20 లక్షలు. గుండె పంపే రక్తంలో ఐదో వంతుకి పైగా, నిమిషానికి ఇంచుమించు 1.2 లీటర్లు, ఈ రెండు పిడికిళ్ళ గుండానే పోతుంది. కాయలోకి వచ్చే రక్తనాళం వెడల్పు, పోయే నాళం ఇరుకు. అందుచేత లోపల ఒత్తిడి పెరిగి నీరు, లవణాలు, చక్కెర, యూరియా జల్లెడలోంచి కారతాయి. రక్తకణాలూ ప్రొటీనులూ జల్లెడ పైనే వుండిపోతాయి. నిమిషానికి 125 మిల్లీలీటర్లు, రోజుకి 180 లీటర్లు. మన ఒంట్లో వున్న ప్లాస్మా అంతా కలిపి 3 లీటర్లే. అంటే రోజుకి 60 సార్లు మన నెత్తుటి నీటిని జల్లెడ పట్టుకుంటున్నామన్నమాట. కాని మనం బయటికి వదిలేది లీటరు, లీటరున్నర. మిగతా 178 లీటర్ల పైచిలుకూ గొట్టాలు మళ్ళీ రక్తానికి అప్పజెబుతాయి. చక్కెర మొత్తం వెనక్కి, ఉప్పు చాలామటుకు వెనక్కి, యూరియా సగం దాకా వెనక్కి. ఎండాకాలంలో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే పీయూషగ్రంథి నుంచి ఒక హార్మోను వచ్చి చివరి గొట్టాల్ని ఇంకా నీరు పీల్చమంటుంది. అందుకే మే నెలలో మూత్రం తక్కువ, రంగు చిక్కన. ఇంట్లో సామానంతా వీధిలో పడేసి, కావలసినవి ఏరి మళ్ళీ లోపల పెట్టుకునే ఇల్లాలిని చూసి నవ్వుతాం గాని, మూత్రపిండం చేసేది ఆ పనే. చెత్త ఏదో ముందుగా తెలియనక్కరలేదు, కావలసినదేదో తెలిస్తే చాలు.

ఆ మిగిలింది బెల్లిని గొట్టాల్లోంచి బొట్టుబొట్టుగా మూత్రపిండపు గరాటులోకి దిగుతుంది. అక్కడి నుంచి జానెడు పొడవుకి కాస్త మించిన మూత్రనాళం. నీళ్ళగొట్టంలా ఊరికే కారిపోవడం కాదు. గొట్టం గోడ నిమిషానికి కొన్నిసార్లు అలలాగా బిగుసుకుంటూ బొట్లను కిందికి తోస్తుంది, మనం పడుకున్నా సరే. మూత్రాశయపు గోడలో అది ఏటవాలుగా దూరుతుంది. సంచీ నిండేకొద్దీ ఆ ఏటవాలు భాగం నొక్కుకుపోయి మూతపడుతుంది, వెనక్కి ఎక్కనివ్వదు. ఇంత మంచి కవాటం మా ఊరి చెరువు తూముకి కూడా లేదు. మూత్రాశయం కండరపు సంచీ. 150, 200 మిల్లీలీటర్లు చేరినప్పుడు మొదటి కబురు పంపుతుంది, 400, 500 దగ్గర గోల పెడుతుంది. కింద రెండు బిగింపులున్నాయి. లోపలిది మన మాట వినదు, బయటిది వింటుంది. పసిపిల్లల్లో సంచీ నిండితే వెన్నుపాము దాకా వెళ్ళిన కబురే తిరిగి వచ్చి పని కానిచ్చేస్తుంది. రెండు మూడేళ్ళు వచ్చేసరికి మెదడు పెత్తనం తీసుకుంటుంది. చోటు చూసి, వేళ చూసి, అప్పుడు గాని అనుమతి ఇవ్వదు. ఎలిమెంటరీ బళ్ళో చిటికెన వేలు ఎత్తి మేష్టారి వైపు దీనంగా చూసిన ప్రతివాడూ ఈ పెత్తనానికి సాక్షే. మూడు గంటల పరీక్ష హాల్లో చివరి అరగంట సాక్షులు వేరే చెప్పాలా?

మాల్పీగీ దగ్గరికి మళ్ళీ వెడదాం. 1667 చివర్లో లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్ నుంచి ఉత్తరం వచ్చింది, మీరు చూస్తున్నవి మాకు రాస్తూ వుండండని. అప్పటి నుంచి ఆయన పనంతా దాదాపు లండన్‌లోనే అచ్చయింది. 1669లో పట్టుపురుగు మీద గ్రంథం. పట్టుపురుగుకి ఊపిరితిత్తులు లేవు, ఒళ్ళంతా వ్యాపించిన గాలిగొట్టాలతో ఊపిరి తీస్తుందని అందులో చూపించాడు. పేగుకి అంటుకున్న సన్నని నాళికలనూ అందులోనే వర్ణించాడు. అవి పురుగు తాలూకు మూత్రపిండాలని ఆయనకి తెలియదు, ఆ సంగతీ ఆయన పేరు పెట్టడమూ తర్వాతి వాళ్ళ పని. నేను తెంపేసినవి అవే. ఆ ఏడాదే సొసైటీ ఆయనను గౌరవ సభ్యుడిగా ఎన్నుకుంది. తర్వాత కోడిగుడ్డులో పిండం పెరిగే తీరు, 1675లోనూ 1679లోనూ మొక్కల నిర్మాణం మీద రెండు సంపుటాలు. అవన్నీ చెప్పుకుంటూ పోతే బోటనీ వాళ్ళు కూడా వాటాకి వస్తారు. ఇక్కడితో ఆపుతాను.

ఊళ్ళో మాత్రం గౌరవం లేదు. 1684లో ఇల్లు తగలబడి సూక్ష్మదర్శినులూ కాగితాలూ బూడిదయ్యాయి. 1689లో స్బరాల్యా, ఆ పక్క పొలం ఇంటివాడే, ఇప్పుడు తోటి ఆచార్యుడు, ఒక పుస్తకం వేశాడు. పేరెత్తకపోయినా బాణం ఎవరికో అందరికీ తెలుసు. దాని సారాంశం ఇది. అద్దాలు పెట్టి కాయలనీ గొట్టాలనీ చూస్తున్నారు, దీనివల్ల ఏ రోగి జ్వరమైనా తగ్గిందా? ఏ రోగి రాయైనా కరిగిందా? వైద్యుడికి కావలసింది జబ్బుల లక్షణాలూ మందుల గుణాలూ గాని పురుగుల పేగులు కాదు.

గట్టు తగాదా వల్ల పుట్టిన కోపమే కావచ్చు. అయినా ఆ ప్రశ్నను తీసి పారేయడానికి నాకు మనసు రాదు. ఆ రోజుకి ఆయన మాట నిజమే. మూత్రపిండపు కాయల గురించి తెలిసినందువల్ల 1689లో ఒక్క రోగి కూడా బతకలేదు. మూత్రాశయంలో రాయి వస్తే మత్తుమందు లేకుండా నలుగురు పట్టుకుంటే కత్తి పెట్టి కోసే కాలం. పైగా మాల్పీగీయే రాళ్ళ రోగి. ఏళ్ళ తరబడి నడుము నొప్పి, కీళ్ళవాతం, గుండెదడ. ప్రపంచంలో మూత్రపిండం లోపలి భాగం అందరికన్నా బాగా ఎరిగినవాడు, తన మూత్రపిండంలో పుట్టిన రాయి మూత్రనాళంలోంచి దిగుతుంటే అందరిలాగే మంచం పట్టుకు మూలిగాడు. శత్రువు ప్రశ్నకి ఆయన ఒళ్ళే సాక్ష్యం ఇస్తోంది.

మాల్పీగీ ఓపిగ్గా పెద్ద జవాబు రాశాడు. యంత్రాన్ని బాగుచేయాలంటే ముందు దాని అమరిక తెలియాలి, ఈ రోజు ఉపయోగం కనబడలేదని రేపటి దారి మూసేయకూడదు అన్నది దాని సారం. ఆ రేపు రావడానికి చాలాకాలం పట్టింది. 1943లో, జర్మన్ల ఆక్రమణలో వున్న హాలండులోని కాంపెన్ ఆస్పత్రిలో విల్లెం కోల్ఫ్ అనే వైద్యుడు, మాంసం కూరడానికి వాడే సెల్లొఫేన్ గొట్టాన్ని ఒక పీపాకి చుట్టి అందులోంచి రోగి రక్తాన్ని పోనిచ్చాడు. చచ్చిపోయిన జల్లెడకి బదులు బయట ఇంకో జల్లెడ. మొదటి రోగులు చాలామంది దక్కలేదు. 1945లో ఒకావిడ దక్కింది. స్బరాల్యా ప్రశ్నకి రోగి రూపంలో వచ్చిన జవాబు అది, రెండు వందల యాభై ఏళ్ళు దాటాక.

ఆ జవాబు ఇంకా పూర్తి కాలేదు కూడా. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరి తోటల మధ్య, కవిటి, సోంపేట, కంచిలి వైపు వెళితే క్రియాటినిన్ అన్న మాట ఉప్పూ పప్పూ అన్నంత మామూలుగా వినబడుతుంది. కండరాల్లో పుట్టి జల్లెడలోంచి బయటికి పోవలసిన పదార్థం అది. రక్తంలో పేరుకుపోతోందంటే జల్లెడ పాడవుతోందన్నమాట. అక్కడ చక్కెరవ్యాధి లేనివాళ్ళకి, బీపీ లేనివాళ్ళకి, పొలం పని చేసుకునే మనుషులకి మూత్రపిండాలు చిన్నవైపోతున్నాయి. దెబ్బ ముందు తగిలేది మాల్పీగీ కాయలకి కాదు, బెల్లిని చూసిన గొట్టాలకీ వాటి చుట్టూ వున్న కణజాలానికీ అని తెలుస్తోంది. నీళ్ళా, ఎండా, మందులా, పుట్టుకా, ఎన్నెన్నో పరీక్షించారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. డయాలిసిస్ మంచం మీద వున్న మనిషికి ఈ పరిశోధన ఎందుకని అడిగే హక్కు వుంది. పరిశోధన ఆగిపోకూడదని కోరుకునేదీ ఆ మనిషి పిల్లలే.

1691లో పోప్ పన్నెండో ఇన్నొసెంట్ మాల్పీగీని తన సొంత వైద్యుడిగా రోముకి పిలిపించాడు. పోప్ ఒకప్పుడు బొలోన్యాలో అధికారిగా వుండగా కుదిరిన పరిచయం. ఆయనకి వెళ్ళాలని లేదు. అరవై దాటాయి, ఒంట్లో బాగులేదు, కాదనడానికి మాత్రం వీల్లేదు. 1694 జూలైలో పక్షవాతం వచ్చింది. కాస్త తేరుకున్నాడు. నవంబరు చివర్లో మళ్ళీ వచ్చింది. 29వ తేదీన క్విరినాలె భవనంలోని తన గదిలో పోయాడు.

శవపరీక్ష చేసినవాడు ఆయన శిష్యుడు బల్యీవి, ఇరవయ్యారేళ్ళవాడు. గురువు జీవితమంతా చేసిన పనిని గురువు మీదే చేయవలసి వచ్చింది. మెదడులో గడ్డకట్టిన నల్లటి రక్తం వుంది. మరణానికి కారణం అదే. తర్వాత మూత్రపిండాలు చూశాడు. ఒకటి మామూలుగానే వుంది. రెండోది దానిలో సగమే వుంది. దాని గరాటు రెండు వేళ్ళు దూరేంత సాగిపోయి వుంది. ఏళ్ళ తరబడి రాళ్ళు పుట్టి జారిన తావు అదే. మూత్రాశయం కోసి చూస్తే అందులో చిన్న రాయి ఒకటి వుంది. బల్యీవి ఆ వివరాలన్నీ రాసిపెట్టాడు.

శవాన్ని బొలోన్యాకి తీసుకువెళ్ళి సన్ గ్రెగోరియో చర్చిలో పూడ్చారు. స్బరాల్యాకి రాసిన జవాబు మిగిలిన రాతప్రతులతో కలిసి 1697లో లండన్‌లో అచ్చయింది.